గుండె పంపింగ్ తగ్గిన నాన్నగారిని ఇంటి దగ్గర మేమే చూసుకోగలమా?

నాన్నగారికి గుండె పంపింగ్ 30 శాతమే ఉందని, కాకినాడ ఆసుపత్రి నుంచి అమలాపురం దగ్గర మీ ఊరికి తీసుకొచ్చి వారమైందని రాశారు. జీతమిచ్చి నర్సును పెట్టుకోవాలా, మేమే చూసుకోవచ్చా అని అడిగారు. మీరే చూసుకోవచ్చు. నేను గుండె జబ్బుల వార్డులో 9 ఏళ్ళు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. తరువాత రాజోలు వైపు మా అత్తవారి ఊళ్ళో ఇదే జబ్బుతో ఉన్న మామయ్యగారిని 4 ఏళ్ళు చూసుకున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు ఆ 30 సంగతి. మిగతా 70 శాతం గుండె పాడైపోయిందనుకుని చాలామంది కుంగిపోతారు. అది నిజం కాదు. ఆరోగ్యమైన గుండె కూడా ఒక్కో దెబ్బకు తనలో నిండిన రక్తంలో 55 నుంచి 70 శాతం దాకానే బయటికి పంపుతుంది. మీ నాన్నగారిది అందులో సగానికి దగ్గరగా ఉంది.

పంపింగ్ తగ్గినప్పుడు ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి. వార్డులో మా పనిలో పెద్ద భాగం ఆ నీటికి లెక్క రాయడమే. ఇంట్లో మీకు కావలసింది బరువు చూసే మిషను, ఒక నోటు పుస్తకం. రోజూ ఉదయం మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిను తినకముందు బరువు చూసి తేదీ వేసి రాయండి. ఒక లీటరు నీరంటే ఒక కిలో. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగారంటే అది తిండి వల్ల పట్టిన ఒళ్ళు కాదు, నీరు. పాదాల వాపు మీ కంట పడేలోపే మిషను చెప్పేస్తుంది. రాత్రి ఎన్ని దిండ్లు వేసుకున్నారో కూడా రాయండి. ఒక దిండుతో నిద్రపోయే మనిషి మూడు అడుగుతున్నారంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి.

ఇంత తెలిసిన నా ఇంట్లోనే ఒకసారి ప్రాణం మీదికి వచ్చింది. మే నెలలో నేను పుట్టింటికి వెళ్ళాను. ఎండకు మామయ్యగారికి నీరసం వస్తే ఇంట్లోవాళ్ళు ఊళ్ళో వైద్యం చేసే ఆయనను పిలిచి రెండు సెలైను సీసాలు పెట్టించారు. నీరసమంటే సెలైను అన్నది మన పల్లెల్లో పాతుకుపోయిన అలవాటు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే రెండు సీసాలతో 9 గ్రాముల ఉప్పు, లీటరు నీరు నేరుగా రక్తంలోకి వెళ్ళాయి. ఆ రాత్రే ఆయాసం ముంచుకొచ్చింది. అత్తయ్యగారు ఏడుస్తూ ఫోను చేసేసరికి ఆయనను వెల్లకిలా పడుకోబెట్టి విసురుతున్నారు. వెంటనే లేపి కూర్చోబెట్టి కాళ్ళు మంచం కిందికి వేలాడదీయమన్నాను, నీళ్ళు పట్టవద్దన్నాను. 108 వచ్చి తీసుకెళ్ళింది. 4 రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకున్నారు. పెట్టినాయనను నేను నిందించలేదు. సెలైను ప్రమాదమని ఇంట్లో ఒక్కరికైనా నేను చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

తరువాత మందుల డబ్బా మూత మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను: "గుండె జబ్బు. డాక్టరును అడగకుండా సెలైను వద్దు. మోకాళ్ళ నొప్పుల మందులు వద్దు." డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి కూడా ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. మీరూ ఈరోజే రాసి అంటించండి, ఇంటికి వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పండి.

తిండిలో ఎండు చేపలు, ఆవకాయ, అప్పడాలు, వడియాలు మానాలి. ఇది మీరు వినే ఉంటారు. కొబ్బరిబొండం సంగతి మాత్రం మన వైపు ఎవరికీ తోచదు. ఆయన మందుల్లో స్పైరోనోలాక్టోన్ ఉందేమో చీటీలో చూడండి. ఆ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని ఆపుతుంది, బొండంలో ఉండేదీ పొటాషియమే. అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. చెట్టు పెరట్లోనే ఉంది కదా అని రోజూ తాగించకండి. రక్త పరీక్ష చూపించి, ఎంత తాగవచ్చో డాక్టరునే అడగండి. దుకాణాల్లో అమ్మే తక్కువ సోడియం ఉప్పులోనూ చాలావరకు కలిపేది పొటాషియమే. అదీ అడగకుండా వాడవద్దు.

ఇంట్లో ఆక్సిజన్ పెట్టాల్సి వస్తేనో, మంచం దిగలేని స్థితి వస్తేనో అప్పుడు నర్సు కావాలి. గుండె వార్డులో చేసినవారినే అడగండి.

మీది గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామమో కాదో రాయలేదు. లంక గ్రామమే అయితే మాత్రం వరదలొచ్చే జులై రాకముందే నెలకు సరిపడా మందులు తెచ్చి పెట్టుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ మాట వినగానే నాన్నగారిని, మందుల డబ్బాను, బరువు పుస్తకాన్ని గట్టున ఉన్న బంధువుల ఇంటికి చేర్చండి. పంటు, పడవలు ఆగిపోయాక అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏటి అవతలికి తీసుకెళ్ళడం ఎవరి తరమూ కాదు.