డాక్టర్ వద్దు, బ్యాక్టీరియా చదువుతానంటోంది

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. నాలుగు ఆవులు, కొంచెం మామిడితోట. మా పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి సీనియర్ ఇంటర్ బైపీసీ చదువుతా ఉంది. నీట్ కోచింగ్‌కి డబ్బు కట్టినాము. ఇప్పుడేమో ‘డాక్టర్ వద్దు నాయనా, బ్యాక్టీరియా ఒక కణంలోంచి ఇంకో కణంలోకి ఎట్లా పోతుందో చదువుతా’ అంటా ఉంది. ఆ చదువుతో కూడు పుడుతుందా? – ఒక తండ్రి

జవాబు: పుడుతుంది, కాకపోతే ఆలస్యంగా. ముందు మీ పాప దేనికి అంత పడిపోయిందో నన్ను చెప్పనివ్వండి.

లిస్టీరియా అని ఒక బ్యాక్టీరియా. కాచని పాలల్లో ఉండొచ్చు, ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. మన పేగులోని కణం దాన్ని చిన్న సంచిలో చుట్టి లోపలికి లాక్కుంటుంది. అది సంచికి చిల్లు పెట్టి బయటపడుతుంది. ఆ తర్వాత చేసే పనే చిత్రం. కణం తన ఆకారం నిలుపుకోడానికి వాడే యాక్టిన్ అనే ప్రొటీన్‌ని తన వెనకాల పోగులు పోగులుగా పేర్పించుకుని, ఆ తోపుతో ముందుకు పోతుంది. మైక్రోస్కోపులో అచ్చం తోకచుక్కే. అంచు తగిలినా ఆగదు, పొరను వేలులా సాగదీసి పక్క కణంలోకి పొడుస్తుంది. పక్క కణం ఆ వేలిని కాస్తా మింగేస్తుంది. ఈసారి సంచికి రెండు పొరలు, మళ్లీ చిల్లు. వీధిలో పోలీసులు తిరుగుతుంటే దొంగ ఇంట్లోంచి ఇంట్లోకి కన్నం వేసుకుంటూ పోయినట్టు. రోగక్రిముల్ని పట్టుకోడానికి రక్తంలో తిరిగే యాంటీబాడీలకు ఎక్కడ దొరుకుతుంది? ఈ దారిని 1989లో టిల్నీ, పోర్ట్నాయ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద అంచెలంచెలుగా చూపించారు.

పాడైన పాతర గడ్డి తిన్న గొర్రె ఒకే పక్కకు గుండ్రంగా తిరుగుతూ పడిపోవడం వినే ఉంటారు. అదీ లిస్టీరియా పనే కావచ్చు. నోట్లో చిన్న గాయం చాలు, ముఖంలోని ఒక నరం వెంబడి మెదడు దాకా పోతుంది. మన పల్లెల్లో వానల తర్వాత వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం బ్యాక్టీరియాది ఇంకో తీరు, కణం పొరను కప్పుకుని మొగ్గలా బయటికి ఊడొస్తుంది. పాప అడిగేది మీ పశువుల కొట్టానికి దూరమేమీ కాదు.

ఇక దారి. సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్రం పెట్టిన తిరుపతి ఐసర్ ఏర్పేడు దగ్గరే ఉంది. అయిదేళ్ల బీఎస్–ఎంఎస్ డిగ్రీ. అందులో చేరడానికి రాసే ఐఏటీ పరీక్షలో 60 ప్రశ్నలు, నాలుగు సబ్జెక్టులకూ 15 చొప్పున. బైపీసీ వాళ్లూ రాయొచ్చు, కానీ లెక్కల దగ్గర దెబ్బ తింటారు. ఇప్పటినుంచే రోజుకో గంట లెక్కలు చేయించండి. మిగతా మూడూ నీట్‌కి చదివేవే, కట్టిన డబ్బు ఎక్కడికీ పోదు. నీట్ కూడా రాయనివ్వండి. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ మైక్రోబయాలజీ చేసినవాళ్లు కూడా ఇదే ప్రశ్న పట్టుకోవచ్చు.

రెండూ రాకపోతే డిగ్రీలో మైక్రోబయాలజీ, తర్వాత ఎస్వీయూలోనో పద్మావతి మహిళా వర్సిటీలోనో ఎమ్మెస్సీ. ఒక్కటే జాగ్రత్త: డిగ్రీ కాలేజీకి ఫీజు కట్టే ముందు ల్యాబ్ తలుపు తీయించి చూడండి. నేను చూసిన ఒక కాలేజీలో మైక్రోస్కోపుల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా విప్పలేదు.

పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే పరిశోధన స్కాలర్‌షిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటద్దె అదనం. రెండేళ్ల తర్వాత 42,000. స్థిరమైన ఉద్యోగం మాత్రం ముప్పై దాటాకే. పెళ్లి మాట ఎత్తి మధ్యలో ఆపేట్టయితే ఇప్పుడే వద్దనండి. ఎమ్మెస్సీతో ఆగినా పాల డెయిరీలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, హైదరాబాద్ టీకా కంపెనీల్లో క్వాలిటీ ల్యాబులున్నాయి. మొదట్లో జీతం తక్కువే.

పాపకు ఓపిక ఉందా అన్నది ఇంకో సంగతి. ఈ పని ఇలా ఉంటుంది: గిన్నెలో కణాలు పరిచి, బ్యాక్టీరియా వదిలి, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ పోస్తారు. ఆ మందు కణాల్లోకి సరిగా దూరదు కాబట్టి బయట మిగిలినవే చస్తాయి. లోపలివి పక్కిళ్లకు పాకుతూ కణాల పరుపులో గుండ్రటి ఖాళీలు చేస్తాయి. రెండు మూడు రోజులాగి ఆ ఖాళీలు కొలవాలి. యాక్టిన్ తోక కట్టలేని బ్యాక్టీరియా రకాన్ని వేస్తే ఖాళీలు పడవు. చెయ్యి శుభ్రంగా లేక గిన్నెలో బూజు పడితే మళ్లీ మొదటికి.

జూన్‌లో తోతాపురి కాయలు ఎలాగూ ఫ్యాక్టరీకి తోలుకుపోతారు కదా. ఆ రోజు పాపను ట్రాక్టర్ ఎక్కించుకుని వెళ్లండి. గేటు దగ్గర తూకం అయ్యేలోపు అక్కడి ల్యాబ్ ఓ పది నిమిషాలు చూపించమని అడగండి.