జపాన్ పిక్నిక్ డబ్బా మీద మెరిసేది ఏంది?

ప్రశ్న: నమస్తే మేడమ్, మా తమ్ముడు జపాన్‌ల జాబ్ చేస్తడు, మొన్న వచ్చినప్పుడు ఒక పిక్నిక్ సెట్ తెచ్చిండు, పాతదంట. నల్లగ నున్నగ ఉంది, పైన పట్టుకోనీకి హ్యాండిల్, లోపట ఒకదాని మీద ఒకటి డబ్బాలు, చిన్న ప్లేట్లు, ఒక సీసా, మీద బంగారు రంగు పూలు. మా అత్తమ్మ లక్క పూత అంటది, మా ఆయన ప్లాస్టిక్ అంటడు. కార్తీకంల వనభోజనాలకు దీంట్ల పులిహోర తీస్కపోవచ్చా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: నిజంగ పాతదే అయితే ఇద్దరు చెప్పింది కూడా కాదు అక్కా. మన దిక్కు బొమ్మలకు వేసే లక్క పురుగుల నుంచి వస్తది, ఇది ఉరుషి అనే చెట్టు పాలు. మామిడి, నల్లజీడి కుటుంబమే అది, అందుకే పచ్చిది ఒంటికి తగిల్తె నల్లజీడి లెక్కనే పొక్కుతది, ఎండి గట్టిపడ్డంక మాత్రం ఏం కాదు. పదేండ్లు పైబడ్డ చెట్టుకు సీజనంత గాట్లు పెట్టి తీస్తే వచ్చేది 200 గ్రాములు, అటుఇటుగ. ఇంకో చిత్రం, ఇది ఎండల పెడితే ఆరదు, గాలిల తేమ 70, 80 శాతం ఉంటెనే గట్టిపడ్తది, అందుకని పూత పూసినప్పుడల్లా లోపట తడిచేసిన చెక్క బీరువాల పెడ్తరు.

ఇసొంటి సెట్లను సాగెజూబాకో అంటరు. ఎడో కాలంల (1603–1868) పైసలున్నోళ్ళు చెర్రీ పూలు చూడనీకి, ఆకులు ఎర్రబడ్డ మేపుల్ చెట్లు చూడనీకి పోతుంటే వెంట తీస్కపోయేటోళ్ళు, ఆ సీసా బియ్యంతోటి చేసే సాకే మందుకు.

ఇగ ఆ పూల పని, దాన్ని మకీ-ఎ అంటరు, నన్నడిగితె సెట్టు విలువంత దాంట్లనే ఉంది. సన్న బ్రష్‌తోటి తడి ఉరుషితో పువ్వు గీసి, అది ఆరకముందే వెదురు గొట్టంల బంగారు పొడి పోసి వేలితోటి మెల్లగ తట్టుతరు, గొట్టం మూతికి సన్నగుడ్డ ఉంటది, పొడి గీత మీదనే పట్టుకుంటది. ఆరినంక మళ్ళ పూత, మళ్ళ బొగ్గుతోటి నూరి నున్నగ చేసుడు. పూరేకు వేలికి ఉబ్బెత్తుగ తగుల్తుందా చూడండి, తగిల్తె ఇంకా పనెక్కువ రకం. నీలం, పచ్చ మెరుపులుంటె అవి సముద్రపు చిప్ప ముక్కలు.

పులిహోర ముచ్చటకొస్తె, పాతదైతే వద్దు, కార్ల ఒక్క కుదుపుకు మూలలు పెచ్చులేస్తయి. ఎండ తగలనియ్యకండి, మన దిక్కు మే నెల వడగాలికి లోపటి చెక్క గుంజుకపోయి పూత పగుల్తది, బీరువాల పక్కన ఒక గ్లాసు నీళ్ళు పెట్టండి. కొత్తదైతే ధైర్యంగ వాడుకోండి, కాకపోతే స్టీల్ పీచు ముట్టొద్దు, మెత్తటి గుడ్డతోటి కడిగి ఎంటనే తుడవండి, మైక్రోవేవ్ల అసలే పెట్టొద్దు.