పూడ్చేసిన గుర్తు తెలియని మృతదేహం మా నాన్నదేనా? ఎట్లా తేల్చుకోవాలి? – సమాధానం

తమ్ముడూ, అనంతపురం నుంచి వెళ్లిన మీ నాన్న తిరిగి రాలేదని, గుంతకల్లు దగ్గర పట్టాల పక్కన దొరికిన మృతదేహాన్ని పూడ్చేశారని విన్నావని రాశావు. పూడ్చినా తేల్చుకోవచ్చు.

ముందు గుంతకల్లు రైల్వే పోలీస్ స్టేషన్‌కు పో. రైల్వే ఆస్తులను కాపాడే కేంద్ర బలగం ఆర్పీఎఫ్ కాదు, రాష్ట్ర పోలీసుల రైల్వే విభాగం జీఆర్పీ. పట్టాల మీది మరణాల కేసు రాసేది వీళ్లే. మీ ఊరి స్టేషన్లో ఇచ్చిన మిస్సింగ్ ఫిర్యాదు వీళ్లకు చేరే ఉంటుందని నమ్ముకోవద్దు, కాపీ తీసుకెళ్లు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 194వ సెక్షన్ కింద (2024 జులైకి ముందైతే పాత చట్టం సీఆర్పీసీ 174) రాసిన శవ పంచనామా, ఫొటోలు, బట్టలు, పోస్టుమార్టం రిపోర్టు చూపించమని అడుగు.

ఒక్క ముఖం చూసి అవునని గానీ కాదని గానీ అనేయకు. దెబ్బ తగిలిన, ఉబ్బిన ముఖాన్ని సొంతవాళ్లే పొరబడతారు. పాత ఆపరేషన్ మచ్చ, కట్టుడు పళ్లు, కాల్లో వేసిన రాడ్డు, పచ్చబొట్టు, చొక్కా కాలర్ మీద టైలర్ లేబుల్, ఇవి గట్టి ఆనవాళ్లు. బయల్దేరే ముందే అమ్మనడిగి రాసుకో. ఆమెకు కష్టమే, కానీ ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఆనవాళ్లు కలిస్తే డీఎన్ఏ పరీక్ష కోరుతూ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వు. పూడ్చే ముందు మృతదేహం నుంచి పన్నో ఎముకో తీసి దాచి ఉంటే నీ రక్తంతో పోలుస్తారు. అమ్మ శాంపిల్ కూడా ఇస్తే ఫలితం ఇంకా గట్టిగా ఉంటుంది. ఏమీ దాచకపోతే మెజిస్ట్రేట్ ఆదేశంతో వెలికి తీయాలి.

ఆధార్ వేలిముద్రలతో తేలుతుందని ఎవరన్నా అంటే వినకు, 2016 ఆధార్ చట్టం వాటిని బయటికివ్వనివ్వదు.

గుంతకల్లులో ఆనవాళ్లు కలవకపోతే బళ్లారి, రాయచూరు వైపు కూడా అడుగు. కర్ణాటక రైల్వే పోలీసుల రికార్డులు వేరు.