మైలేజీ రావట్లేదన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త కారుకి కంపెనీ చెప్పిన మైలేజీ రావట్లేదని, బండిలోనే ఏదో లోపం ఉందని మీ అమ్మ దగ్గర వాపోయావట. మొన్న అమలాపురం నుంచి రావులపాలెం దాకా నీ పక్కనే కూర్చున్నాను కదా. బండి లక్షణంగా ఉంది. తంటా అంతా నీ కుడికాలితోనే.

మనవైపు ఘాట్ రోడ్లు లేవు. గోదావరి మీద వంతెనలు ఎక్కడం తప్ప ఎత్తన్నదే లేదు. అయినా పెట్రోలు ఎటు పోతోందంటే, బ్రేకులో పోతోంది. కాలవగట్టు రోడ్డు మీద రయ్యిమని లాగించి, స్పీడ్‌బ్రేకర్ ముక్కు దగ్గరకొచ్చాక గట్టిగా తొక్కి, దాటీదాటగానే రెండో గేరులో మళ్లీ లేపుతున్నావు. మన ఊళ్లలో స్పీడ్‌బ్రేకర్లకి కొదవా? అంత వేగం రావడానికి కాల్చిన పెట్రోలంతా తొక్కిన ప్రతిసారీ బ్రేకుల వేడి కింద పోతుంది.

చూపు ముందుకి సారించు. గేదెలు గట్టెక్కుతున్నాయనో, మాసూళ్ల రోజుల్లో సగం రోడ్డు దాకా ధాన్యం ఆరబోశారనో, ఎదురుగా అరటిగెలల లారీ వస్తోందనో కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్. గేరు మాత్రం అలాగే ఉంచు. పెట్రోలుని కంప్యూటరే కొలిచి పంపే ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో గేరులో ఉండగా కాలు తీస్తే చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, పెట్రోలు ఆగిపోతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. ఆ ఏర్పాటు లేని పాత కార్బురేటర్ బళ్లు నడిపిన మా ఈడు డ్రైవర్లు వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యమంటారు. ఆ మాట చెవిన పెట్టకు. బండి అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంది.

గేరు తొందరగా మార్చు. రెండు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పై గేరు వేసినా నీ బండి హాయిగా లాగుతుంది. ఇంజన్ గుడగుడలాడితే మాత్రం ఒక గేరు దించు. క్లచ్ మీద పాదం ఆనించి కూర్చునే అలవాటు మానుకో.

రావులపాలెంలో హైవే ఎక్కగానే నీకు పూనకం వస్తుంది. వేగం రెట్టింపైతే ఎదురుగాలి ఒత్తిడి నాలుగింతలవుతుంది. 80 దాటకుండా వెళ్తే తణుకు చేరేసరికి ఆలస్యమయ్యేది ఐదారు నిమిషాలే. ఏసీ ఆపమని మాత్రం అనను. వేసవిలో మన ఉక్కపోతకి అది లేకపోతే మీ అత్తయ్య కారే ఎక్కదు. హైవే మీద అద్దాలు దించుకున్నా గాలి బండిని వెనక్కి లాగుతుంది, మిగిలేదీ అంతంతమాత్రమే. రైలు గేటు పడితే ఇంజన్ ఆపెయ్. టైర్లలో గాలి పొద్దున్నే, అవి చల్లగా ఉన్నప్పుడే చూపించు. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది.

ఇక పెట్రోలు చవకని యానాం దాకా వెళ్లి కొట్టించుకుంటానన్న నీ ముచ్చట. అది పుదుచ్చేరి కిందకొస్తుంది, పన్ను తక్కువ, లీటరు చవకే. కానీ అమలాపురం నుంచి రానూపోనూ దాదాపు 60 కిలోమీటర్లు. లీటరుకి పది రూపాయలు కలిసొచ్చినా 30 లీటర్లకి మూడొందలు. దారిలో 4 లీటర్లు కాల్చేశాక మిగిలేదేమిటి? ద్రాక్షారామం వెళ్లే పని పడితే దారిలో కొట్టించుకో, అందుకోసమే బయల్దేరకు.

డాష్‌బోర్డు చూపించే మైలేజీ అంకె నమ్మకు. పంపు దానంతటదే ఆగేదాకా ట్యాంకు నింపించి, ట్రిప్ మీటర్ సున్నా చెయ్యి. మళ్లీ అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించు. రెండు మూడు ట్యాంకుల లెక్క రాసి పంపు, అప్పుడు కంపెనీవాడిని తిడదాం.