పదేళ్ల బాబుకి ప్రోగ్రామింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ముగ్గు దగ్గర

పలాస నుంచి వచ్చిన ప్రశ్న: బాబుకి పదేళ్లు, పాపకి ఏడు. ఇంట్లో విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్, నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. సెలవుల్లో నేరుగా పైథాన్ మొదలుపెట్టించాలా, ఆటలు చేయించాలా, చేయిస్తే ఏ ఆటలు?

బాబుకి స్క్రాచ్, పాపకి సుద్దముక్క. అక్షరాలు టైపు చేసి రాసే పైథాన్ భాష ఇప్పుడే వద్దండి.

రంగు బ్లాకులు పేర్చి ప్రోగ్రాం చేసే స్క్రాచ్‌ని అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు 2007లో పిల్లల కోసం విడుదల చేశారు. ఉచితం. ఆఫ్‌లైన్ యాప్‌ని హాట్‌స్పాట్‌తో ఒక్కసారి దించుకుంటే తర్వాత నెట్ అక్కర్లేదు. కానీ ఆ యాప్ తనంతట తాను సేవ్ చేసుకోదు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలవదు కాబట్టి కరెంటు పోతే చేసిందంతా పోతుంది. ఒక్కో మెట్టు పనిచేయగానే ముగ్గు1, ముగ్గు2 అని వేరే పేరుతో సేవ్ చేయించండి. తర్వాత చెడగొట్టుకున్నా వెనక్కి వెళ్లడానికి ఒకటి ఉంటుంది.

ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒకటే: సరిగ్గా వస్తే ఎలా ఉంటుందో పిల్లవాడికి ముందే తెలిసి ఉండాలి. వీడియో చూసి అంతరిక్ష యుద్ధం కాపీ చేస్తే, అది తప్పుగా నడుస్తున్నా తప్పని తెలీదు. ముగ్గులో ఒక్క చుక్క పక్కకి జరిగితే ఎవరూ చెప్పక్కర్లేదు.

అందుకే మొదటిది చుక్కల ముగ్గు. ఎడమ వైపు అడుగున ఎక్స్‌టెన్షన్ల బొత్తాం నొక్కి పెన్ (గీతలు గీసే బ్లాకులు) తెచ్చుకోండి. స్క్రాచ్ వేదిక, అంటే బొమ్మలు కదిలే చోటు, అడ్డంగా (ఎక్స్) 480, నిలువుగా (వై) 360, సున్నా నట్టనడుమ. ప్రోగ్రాం మొదలుపెట్టే పచ్చ జెండా నొక్కగానే ముందు అంతా చెరిపేయాలి, పెన్ ఎత్తాలి, స్క్రాచ్ తెరవగానే ఉండే పిల్లి బొమ్మని దాచాలి (లేకపోతే ముగ్గు మీదే నిలబడుతుంది), పెన్ మందం 8 పెట్టాలి, ఎక్స్ మైనస్ 120, వై 120 దగ్గరికి వెళ్లాలి. ఇక లోపలి రిపీట్ 7లో పెన్ దించు, పెన్ ఎత్తు, ఎక్స్‌ని 40 పెంచు. దాని చుట్టూ ఇంకో రిపీట్ 7. లోపలిది అయ్యాక, బయటి దాని లోపలే, ఎక్స్ మళ్లీ మైనస్ 120, వై 40 తగ్గించు. 49 చుక్కలు ఒక్కొక్కటిగా పడుతుంటే కంటికి కనిపిస్తాయి, అదే ఇందులో అందం.

ఇక్కడ రెండు తప్పులు తప్పకుండా వస్తాయి. పెన్ ఎత్తడం మరిచిపోతే చుక్కల బదులు గీతలు. ఎక్స్‌ని వెనక్కి తేవడం మరిచిపోతే రెండో వరస కుడి అంచు దగ్గర మొదలై వేదిక బయటికి పోతుంది. నోటుబుక్కులో వరస అయ్యాక చెయ్యి దానంతట అదే ఎడమకి వస్తుంది కదా, కంప్యూటర్ కూడా అలాగే వస్తుందనుకుంటారు. రానివ్వండి. మౌస్ మాత్రం మీరు లాక్కోవద్దు. "ఏమవుతుందనుకున్నావు, ఏమైంది?" అని అడిగి ఊరుకోండి.

అది కుదిరాక అసలు పని: 7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క. ఈ లెక్క పిల్లవాడికి అమ్మో నాయనమ్మో చెప్పాలి, మీరు చెప్పకపోయినా పర్లేదు. వరసలు 4, 5, 6, 7, 6, 5, 4. చుక్కలు అనే వేరియబుల్ (మారే అంకెని దాచుకునే పెట్టె) చేయించండి, పేరు తెలుగులోనే పెట్టొచ్చు. దాన్ని 4తో మొదలుపెట్టి, ప్రతి వరస ముందు ఎక్స్‌ని (చుక్కలు మైనస్ 1) ఇంటూ మైనస్ 20 దగ్గర పెట్టాలి, లోపలి రిపీట్‌లో 7 బదులు చుక్కలు పెట్టాలి. వరస వేసే బ్లాకుల్ని మై బ్లాక్స్‌లో వరస అనే సొంత బ్లాకుగా చేస్తే రెండుసార్లు రాయక్కర్లేదు. మూడుసార్లు "వరస వేయి, ఒకటి పెంచు", తర్వాత నాలుగుసార్లు "వరస వేయి, ఒకటి తగ్గించు". పిల్లలు రెండు చోట్లా 4 పెడతారు. అప్పుడు 4, 5, 6, 7, 8, 7, 6, 5 వస్తుంది. పైన నాలుగు, కింద ఐదు, ముగ్గు వంకర. పెద్ద ప్రోగ్రామర్లని కూడా ఏడిపించే ఒకటి తేడా తప్పు ఇదే, పదేళ్ల పిల్లవాడు కంటితో పట్టేస్తాడు. కంటికి అందని తప్పు కూడా ఒకటుంది: తీసివేత బయట, గుణకారం లోపల పెట్టి (చుక్కలు ఇంటూ మైనస్ 20) మైనస్ 1 చేస్తే ముగ్గు ఆకారం చెడదు, ఎక్స్‌లో మొత్తంగా 21 మేర ఎడమకి జరుగుతుంది. అది మీరే గమనించి అడగాలి.

పెన్ చేతిలో ఉండగానే ఆకారాలు. చతురస్రానికి రిపీట్ 4, మూవ్ 100, టర్న్ 90. త్రిభుజానికి అందరూ 60 పెడతారు, సగం షడ్భుజి వస్తుంది. తిరగాల్సింది లోపలి కోణం కాదు, బయటిది: 120. పిల్లవాడినే నేల మీద త్రిభుజం నడవమంటే ఒళ్లు ఎంత తిరుగుతుందో తెలుస్తుంది. నక్షత్రానికి ఐదుసార్లు 144. వృత్తానికి 360 సార్లు మూవ్ 1, టర్న్ 1. మూవ్ 2 పెడితే వృత్తం చెడుతుంది, ఎందుకంటే నడుమ నుంచి కిందికి 229 దాకా దిగాలి, వేదిక 180 దగ్గరే అయిపోతుంది.

రెండోది జీడిపిక్కల ఆట. పలాసలో దీన్ని వివరించక్కర్లేదు: పైనుంచి పిక్కలు రాలుతాయి, బుట్టతో పట్టాలి. బుట్ట వై మైనస్ 140 దగ్గర. ఫరెవర్ (ఆగకుండా తిరిగే బ్లాకు) లోపల, కుడి బాణం నొక్కి ఉంటే ఎక్స్ 10 పెంచు, ఎడమైతే 10 తగ్గించు. "బాణం నొక్కినప్పుడు" అనే పసుపు బ్లాకు వాడితే బుట్ట ఒకసారి కదిలి, ఆగి, ఆపైన కదులుతుంది. కీబోర్డు అలాగే పంపిస్తుంది మరి. పిక్కకి ఎక్స్ మైనస్ 220 నుంచి 220 లోపు ఏదో ఒకటి, వై 170, ప్రతిసారీ 5 తగ్గుదల.

ఇందులో వచ్చే చిక్కులు ముగ్గు కంటే ఎక్కువ. ఒక్క పిక్కకే స్కోరు గబగబా పెరిగిపోతుంది: లూపు సెకనుకి 30 సార్లు తిరుగుతుంది, పిక్క బుట్టని తాకి ఉన్నంతసేపూ లెక్కేస్తుంది. తాకగానే పిక్కని పైకి పంపేయాలి. కొత్త ఆటలో పాత స్కోరు ఉంటుంది: స్క్రాచ్ వేరియబుల్ విలువ దాచుకుంటుంది, జెండా కింద సున్నా పెట్టాలి. పిక్క అడుగున ఇరుక్కుంటుంది: వై మైనస్ 200 కంటే తగ్గితే పైకి వెళ్లమని రాసి ఉంటారు, కానీ స్క్రాచ్ బొమ్మని పూర్తిగా వేదిక దాటనివ్వదు, ఆ షరతు ఎప్పటికీ నిజం కాదు. మైనస్ 170 పెట్టండి. అసలు పట్టినా స్కోరే రాకపోతే, ఇఫ్ బ్లాకు ఫరెవర్ బయట ఉండిపోయింది, మొదట్లో ఒక్కసారి చూసి ఊరుకుంది.

క్లోన్లకి (ఆట నడుస్తుండగా పుట్టే, ఒకే బొమ్మ నకళ్లకి) మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు బాగుంటాయి. ఒక గూటిలో గుడ్లు నూరు దాకా ఉంటాయి కాబట్టి 100 క్లోన్లు ఇసుకలోంచి పుట్టి, పీతల్ని తప్పించుకుని సముద్రానికి చేరాలి. స్క్రాచ్ హద్దు 300. కీ నొక్కితే క్లోన్ చేయమని అదే బొమ్మకి రాస్తే క్లోన్లు కూడా ఆ కీని వింటాయి: 1, 2, 4, 8. ఆ క్లోన్ చేసే బ్లాకుని వేదికకి మార్చండి.

సిరిమాను (జాతరలో పూజారి కూర్చునే పొడవాటి మాను) బొమ్మని తిప్పాలనుకుంటే చిట్కా ఒకటే: బొమ్మ గీసేచోట నడుమ కనిపించే గురుతు మీద మాను మొదలు ఉండాలి, నడుమ భాగం కాదు. లేకపోతే ఫ్యాను రెక్కలా తిరుగుతుంది.

పాపకి నేల మీద 5 అడ్డం, 5 నిలువు గళ్లు. ముందుకి, కుడికి తిరుగు, ఎడమకి తిరుగు అని చీటీలు. చివరి గడిలో చింతపిక్క. చీటీలన్నీ ముందే పేర్చాక అన్నయ్య రోబోలా నడవాలి. నడుస్తుండగా చెబితే అది ప్రోగ్రాం కాదు, తోలడం. తిరగడమంటే ఉన్న గడిలోనే తిరగడం, పక్క గడిలోకి వెళ్లడం కాదు. దీని దగ్గరే గొడవలవుతాయి. తప్పొస్తే మొత్తం తీసేయకుండా తప్పిన మొదటి చీటీనే మార్చాలి.

పైథాన్ ఎప్పుడంటే, కీబోర్డు చూసి అక్షరం వెతుక్కోవడం తగ్గినప్పుడు. అంతవరకు కోలన్ మరిచిపోవడంతోనే రోజు గడిచిపోతుంది. మొదలుపెట్టేటప్పుడు పైథాన్‌తోనే వచ్చే టర్టిల్ మాడ్యూల్‌లో అదే సందు చుక్క ముగ్గు వేయించండి, పేర్లు మాత్రమే కొత్త. ఫైలుకి మాత్రం టర్టిల్ అని పేరు పెట్టనివ్వొద్దు. పైథాన్ ముందు అదే ఫోల్డరులో వెతికి, అసలు మాడ్యూల్ బదులు మీ ఫైలునే తెచ్చుకుని ఎర్రర్ ఇస్తుంది.