34 ఏళ్లకు కొత్తగా షుగర్: టైప్ 1నా, టైప్ 2నా?

తనది ఏ రకం షుగరో ఎలా తెలుస్తుందని చిత్తూరు నుంచి ఒకరు అడిగారు. 34 ఏళ్లు, సన్నటి మనిషి, మూడు నెలల్లో 7 కిలోలు తగ్గారు, రెండు రకాల షుగర్ బిళ్లలు వేసుకుంటున్నా ఫాస్టింగ్ 240 అంటున్నారు. ఇది లాడా కావచ్చు, అంటే పెద్దయ్యాక నిదానంగా మొదలయ్యే టైప్ 1 (ఇన్సులిన్ తయారుచేసే కణాలను శరీరమే దెబ్బతీసే రకం). అలాగని ఖాయం చేసుకోకండి, మన దగ్గర సన్నగా ఉన్నవాళ్లకూ టైప్ 2 వస్తుంది.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఎన్నిసార్లు చేయించినా రకం తెలియదు. ఆ డబ్బులు వీటికి పెట్టండి:

1. గ్యాడ్ యాంటీబాడీ. ఇన్సులిన్ కణాల మీద శరీరమే దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష. పరగడుపు అక్కర్లేదు. పాజిటివ్ వస్తే టైప్ 1 వైపే. నెగటివ్ వచ్చినంత మాత్రాన కాదని కాదు.

2. సి-పెప్టైడ్. ఒంట్లో సొంతంగా ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పే రక్తపరీక్ష. చాలామంది తప్పేది ఇక్కడే. అదే సూదితో తీసిన రక్తంలో గ్లూకోజ్ కూడా చూడమనండి. షుగర్ 250 ఉన్నా సి-పెప్టైడ్ తక్కువుంటే ఇన్సులిన్ సరిగా తయారవడం లేదని అనుమానించాలి. షుగర్ 70 ఉన్నప్పుడు తక్కువుంటే దాంతో ఏమీ తేలదు. గ్లూకోజ్ లేని రిపోర్టు చూసి మా బంధువు ఒకాయన నెలంతా టెన్షన్ పడ్డాడు, అనవసరంగా! ఇంకోటి, వారాల తరబడి షుగర్ బాగా ఎక్కువున్నా క్లోమం అలిసిపోయి తక్కువ చూపిస్తుంది. అదుపులోకి వచ్చాక మళ్లీ చేయించాలి. ఇన్సులిన్ ఇచ్చారా, పరీక్ష కోసం ఆపకండి.

చిత్తూరు నుంచి తిరుపతి దగ్గరే కదా, అక్కడి స్విమ్స్ ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ (షుగర్, హార్మోన్ల జబ్బులు చూసే) విభాగం ఉంది, రిపోర్టులు అక్కడ చూపించండి.

రకం తేలేదాకా మందు పేరు (కంపెనీ పేరు కాదు) చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే బిళ్లల గురించి డాక్టరును తప్పక అడగండి. టైప్ 1లో వాటితో కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరిగే ప్రమాదం ఉంది.

వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే కీటోన్లు పెరిగి ఉండొచ్చు, రిపోర్టుల కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.