ఆన్‌లైన్ షాపు పెట్టేక టీమ్ డీలా పడిపోతే

చెల్లెమ్మా, నీ మెసేజ్ రెండుసార్లు చదివేను. పలాస జీడిపప్పు, పొందూరు ఖద్దరు, భీమాలి మామిడితాండ్ర డల్లాస్‌లో అమ్ముదామని ఇక్కడ అమెరికాలో ముగ్గురు, అక్కడ ఇండియాలో ముగ్గురు కలిసి మొదలెట్టేరు, నాలుగు నెలలైనా ఇరవై ఆర్డర్లు రాలేదు, ఇద్దరు మానేస్తామంటన్నారు, ఏం చెప్పి ఆపాలన్నా అని అడిగేవు. మాది కాశీబుగ్గే, ఇదే పని నేనూ చేసేను కాబట్టి చెప్తన్నాను.

ముందు ఆ ఇద్దరిలో స్టూడెంట్ వీసా మీదున్న అబ్బాయిని ఆపకు, మాననీ. పర్మిషన్ లేకుండా పని చేస్తే వాడి చదువుకే ఎసరు. మీ ఆయన హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు కదా, స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప మన షాపు పని కూడా చెయ్యకూడదు, పెట్టుబడి పెట్టడం వేరు, రాత్రిళ్ళు ఆర్డర్లు చూడ్డం వేరు. నీకు హెచ్4 ఈఏడీ, అంటే భార్యగా వచ్చినా పని చేసుకునే పర్మిషన్, ఉంది కాబట్టి నువ్వే చూసుకో, ఒకసారి లాయర్‌ని కూడా అడుగు.

ఇంక అమ్మకాల సంగతి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాకి వచ్చే 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి కూడా సుంకం మినహాయింపు తీసేసేరు, దాంతో కిలో, రెండు కిలోల ప్యాకెట్ రేటు పెరిగిపోయింది. ఇది మీవాళ్ళ తప్పు కాదని వాళ్ళకి లెక్క వేసి చూపించు, పప్పు కొన్న ధర, ప్యాకింగ్, పోస్టేజ్, సుంకం అన్నీ ఒక కాగితం మీద. మనం పనికిరాం అనుకుని కుంగిపోయే మనిషికి ఆ కాగితం ఇచ్చే ధైర్యం ఏ స్పీచీ ఇవ్వదు.

నా మొదటి ఏడాది వరసగా కంప్లయింట్లే. ఫోటోలో పెద్ద పప్పు, పెట్టెలో చిన్న పప్పు అని. చూస్తే ఫోటో తీసింది 240 గ్రేడు, పంపింది 320. పౌండు బరువుకి 320 గుండు పప్పుల దాకా తూగే రకం అన్నమాట, నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది. అప్పట్నుంచి రూపాయి బిళ్ళ పక్కన పెట్టి ఫోటో తీసి, గ్రేడు రాసి పెట్టేం, కంప్లయింట్లు ఆగిపోయేయి. మీ ఫోటోలు కూడా ఒకసారి చూసుకోండి.

అదయ్యేక 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను, ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు పడిపోయేయి, మా ప్యాకింగ్ అప్పలమ్మ పిన్ని ఇంటి రేకులెగిరిపోయేయి. షాపు మాటెత్తకుండా ముందు ఇల్లు చూసుకోమన్నాం. డిసెంబర్లో తనే ఫోన్ చేసి, ఎప్పుడు మొదలెడతాం బాబూ అంది. వచ్చింది గాని మనసు లేదు. అప్పుడే హ్యూస్టన్‌లో ఒక పెద్దాయన, పొద్దున్న టీతో నాలుగు పప్పులు వేసుకుంటే మా అమ్మ వేయించినట్టుందమ్మా అని వాయిస్ మెసేజ్ పెట్టేరు. అది పిన్నికి పంపేను. మూడుసార్లు వింది. మర్నాటి నుంచి ప్రతి ప్యాకెట్‌కి ఇంకో కవరు తనంతట తనే చుట్టేది, చెమ్మ తగలకుండా.

మీకొచ్చిన ఆర్డర్లలో కొన్నవాళ్ళందరికీ నువ్వే ఫోన్ చెయ్యి, తిట్టినా పొగిడినా ఆ మాట అక్కడి ముగ్గురికీ చేరాలి. డల్లాస్‌లో రాత్రి ఎనిమిదంటే ఎండాకాలంలో అక్కడ ఇండియాలో పొద్దున్న ఆరున్నర, పనిలోకి దిగకముందే పావుగంట మాట్లాడు. ఆ లెక్క కాగితం ఆదివారం నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.